జింక వేటకి భుజం అదరని తూటా ఏది? .243, 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08, .30-30 మధ్య తేల్చుకోలేకపోతున్నా

కొత్తగురి (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఇక్కడ అమెరికాలో వైట్‌టెయిల్ జింక వేటకి తక్కువగా తన్నే తూటా కావాలి. వివరాలివి.

రైఫిల్ ఒక్కటే, వాడేది ఇద్దరు. ఒకరి ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, ఇంతవరకూ .22 తప్ప పెద్దది కాల్చలేదు. ఇంకొకరికి కుడి భుజంలో పాత నొప్పి. జింక కనబడేది చాలావరకు చెట్ల మధ్య, 50 నుంచి 150 గజాల్లో. ఒక పక్క కోత అయిపోయిన చేను ఉంది, అక్కడైతే 250 దాకా పోవచ్చు. అంతకు మించి కాల్చే ఉద్దేశం లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది .308 బోల్ట్ యాక్షన్. స్కోపుతో కలిపి తూస్తే ఆరున్నర పౌండ్లు. 150 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు) మామూలు ఫ్యాక్టరీ తూటాలతో మొదటి మూడు రౌండ్లు 2 అంగుళాల్లో పడతాయి. ఆరోది, ఏడోది వచ్చేసరికి 6 అంగుళాలకి చెదిరిపోతాయి. ఉలికిపాటేనని అర్థమవుతోంది.

దీన్ని అమ్మేసి .243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08 రెమింగ్టన్, .30-30 విన్‌చెస్టర్‌లలో ఒకటి తీసుకోవాలని ఆలోచన. .350 లెజెండ్ పేరు కూడా వింటున్నాను. అనుమానాలు మూడు. తేడా తెలిసేంతగా తన్ను తగ్గేది దేనితో? .243 జింకకి చాలదన్న మాటలో నిజమెంత? మూతికి బ్రేక్ బిగిస్తే ఈ గొడవంతా తీరిపోతుందా?

అడవిబాట (జవాబు)

మీ ప్రశ్నలో అసలు జవాబు "ఆరున్నర పౌండ్లు" అన్న చోటే ఉంది. తూటా సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి.

రైఫిల్ వెనక్కి తన్నే శక్తిని తేల్చేవి నాలుగు: బుల్లెట్ బరువు, దాని వేగం, లోపల ఉన్న మందు బరువు, రైఫిల్ బరువు. మందుని చాలామంది మరిచిపోతారు. కాలిన మందు వాయువై బుల్లెట్ వెనకే, దానికన్నా వేగంగా బయటికి చిమ్ముతుంది. లెక్కలో దాని వేగం సెకనుకి 4,700 అడుగులని వేసుకోవడం మామూలు. .243తో ఒకసారి వేసి చూపిస్తాను, మిగతావి మీరే వేసుకోవచ్చు.

100 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకి 2,960 అడుగులు: రెండూ గుణిస్తే 2,96,000. మందు 42 గ్రెయిన్లు, 4,700తో గుణిస్తే 1,97,400. రెండూ కూడితే 4,93,400. పౌండుకి 7,000 గ్రెయిన్లు కాబట్టి 7,000తో భాగిస్తే 70.5. స్కోపుతో కలిపి రైఫిల్ 7.5 పౌండ్లు అనుకుని భాగిస్తే 9.4. అది రైఫిల్ మీ భుజం మీదికొచ్చే వేగం, సెకనుకి అడుగుల్లో. దాన్ని వర్గం చేసి, 7.5తో గుణించి, 64.35తో భాగిస్తే 10.3 ఫుట్-పౌండ్లు.

అదే 7.5 పౌండ్ల రైఫిల్‌లో మిగతావి, దగ్గరి అంకెకి సవరించి:

.350 లెజెండ్, 150 గ్రెయిన్లు: 9
.243, 100 గ్రెయిన్లు: 10
.30-30, 150 గ్రెయిన్లు: 11
6.5 క్రీడ్‌మోర్, 140 గ్రెయిన్లు: 14
7ఎంఎం-08, 140 గ్రెయిన్లు: 15
.308, 150 గ్రెయిన్లు: 17
.30-06, 180 గ్రెయిన్లు: 23

ఇప్పుడు మీ .308ని ఆరున్నర పౌండ్లలో పెట్టి లెక్కేయండి. 20 వస్తుంది. మీరు మోస్తున్నది .308 అయినా భుజం తింటున్నది దాదాపు .30-06 దెబ్బ. ఇంకో సంగతి: నడకకి బాగుంటుందని 6 పౌండ్ల 6.5 క్రీడ్‌మోర్ కొన్నారనుకోండి, అది 17.5. అంటే ఏడున్నర పౌండ్ల .308 ఎంత తన్నుతుందో అంతే. తూటా మార్చి, రైఫిల్ తేలిక చేసుకుంటే ఎక్కడ బయల్దేరామో అక్కడికే వస్తాం.

15 లోపు ఉంటే చాలామంది ఇబ్బంది లేకుండా సాధన చేయగలరు. 20 దగ్గర అలవాటున్న వాళ్ళకి కూడా జంకు మొదలవుతుంది. ఇది మోటు కొలత, మనిషిని బట్టి మారుతుంది. కొత్తవాళ్ళకైతే 10–12 దగ్గర మొదలుపెట్టడం మేలు.

తెల్లతోక (జవాబు)

అడవిబాట గారి లెక్కతో పేచీ లేదు. నేను .243 చాలదన్న మాట గురించి చెప్తాను, ఎందుకంటే ఈ తూటా మీద పడ్డ నిందలో సగం బుల్లెట్‌ది.

.243 విన్‌చెస్టర్ 1955లో వచ్చింది. .308 ఖోళీ (తూటా ఇత్తడి గుల్ల) మెడనే సన్నగా నొక్కి చేసింది. పొలాల్లో చిన్న జంతువుల్ని కొట్టడానికీ, జింకకీ రెండింటికీ పనికొచ్చేలా తెచ్చారు. చిక్కంతా అక్కడే. అంగట్లో .243 పేరుతో 55 గ్రెయిన్ల నుంచి 100 దాటిన వాటి దాకా దొరుకుతాయి. 55 నుంచి 75 వరకు ఉన్న పల్చటి తొడుగు బుల్లెట్లు నక్కలాంటి చిన్న జంతువుల కోసం. తగలగానే పగిలి ముక్కలైపోవాలని చేసినవి. అవి జింక భుజపుటెముక మీద పడితే పైన పెద్ద గాయమవుతుంది, ఊపిరితిత్తుల దాకా ఏమీ చేరదు. జింక పారిపోతుంది, నింద .243 మీద పడుతుంది.

జింకకి కావాల్సింది 95–100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర మెత్తటి సీసం బయటికి ఉండే బుల్లెట్). ఇంకా నమ్మకం కావాలంటే నాస్లర్ పార్టిషన్ లాంటిది (లోపల అడ్డుగోడ ఉంటుంది, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం నిలుస్తుంది), లేదా తొడుగుకి సీసం అతికించిన బాండెడ్ రకం, లేదా 80–85 గ్రెయిన్ల పూర్తి రాగి బుల్లెట్. రాగిది విచ్చుకున్నాక కూడా బరువు దాదాపు పోదు, అందుకే తక్కువ గ్రెయిన్లతోనే అవతలికి దూసుకుపోతుంది.

మామూలు 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ వేగం మూతి దగ్గర 2,960 అడుగులు, 100 గజాల్లో 2,697, 200లో 2,449, 300లో 2,215. శక్తి 300 గజాల్లో కూడా 1,089 ఫుట్-పౌండ్లు. జింకకి 1,000 ఉండాలని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. అది ప్రకృతి నియమం కాదు గానీ, ఆ లెక్కన చూసినా మీ 250 గజాలకి .243 సరిపోతుంది. అదే .30-30లో 150 గ్రెయిన్లది 100 గజాల్లో 1,296 ఉండి 200కి 858కి పడిపోతుంది. ఆ .30-30 1895 నుంచి జింకల్ని పడగొడుతూనే ఉంది, దాన్ని చాలదని ఎవరూ అనరు.

.243 అసలు లోపం శక్తి కాదు. చిన్న రంధ్రం. బుల్లెట్ అవతలికి పోకపోతే, లేదా సన్నగా పోతే, నేల మీద నెత్తురు తక్కువ పడుతుంది. దట్టమైన పొదల్లో జింక 80 గజాలు పరిగెత్తి పడితే వెతకడం కష్టమవుతుంది. ఇక జింక మీ వైపు తిరిగి ఏటవాలుగా నిలబడితే, 7ఎంఎం-08తో భుజం గుండా కొట్టే కోణంలో .243తో కొట్టకూడదు. పక్కకి తిరిగేదాకా ఆగాలి. ఆగే ఓపిక ఉన్నవాళ్ళకి .243 మంచి తూటా, లేనివాళ్ళకి ఏ తూటా అయినా ఒకటే.

నన్నడిగితే ఒకే రైఫిల్ ఇద్దరికీ అంటున్నారు కాబట్టి 7ఎంఎం-08. 1980లో వచ్చింది, ఇది కూడా .308 ఖోళీ నుంచే. 140 గ్రెయిన్ల మామూలు బుల్లెట్‌కే జింకని ఏ కోణంలోనైనా దాటే బలం ఉంటుంది. 120 గ్రెయిన్లకి దిగితే తన్ను తగ్గుతుందనుకోకండి. వేగం పెరుగుతుంది కాబట్టి తగ్గేది ఒక ఫుట్-పౌండే.

6.5 క్రీడ్‌మోర్‌తో జింకకి తేడా ఏమీ కనబడదు. 2007లో దూరపు గురి పోటీల కోసం వచ్చింది, గాలిలో బాగా పోతుంది. 150 గజాల చెట్ల మధ్య ఆ గొప్పతనం అక్కరకు రాదు. దాని బలం ఏమిటంటే తూటాలు ప్రతి చోటా దొరుకుతాయి. .260 రెమింగ్టన్, .257 రాబర్ట్స్, 1894 నాటి 6.5×55 స్వీడిష్ కూడా ఇదే పని ఇంతే హాయిగా చేస్తాయి, కానీ వేట సీజన్ ముందురోజు పెట్టె కోసం తిరగాల్సి వస్తుంది.

లోడింగ్‌బల్ల (జవాబు)

ఇద్దరూ కొత్త రైఫిల్ గురించే మాట్లాడుతున్నారు. చెప్పు కరిచిందని కాలు మార్చుకోం కదా. ఉన్న .308నే ముందు దారికి తెచ్చుకోండి.

మొదటిది, తూటా. పెట్టె మీద "రెడ్యూస్డ్ రీకాయిల్", "మేనేజ్డ్ రీకాయిల్", "లైట్" అని రాసి ఉన్న .308 తూటాలు దొరుకుతాయి. 125 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకి 2,650–2,675 అడుగులు. అడవిబాట గారి సూత్రంలో పెడితే 7.5 పౌండ్ల రైఫిల్‌లో 11. మీ ఆరున్నర పౌండ్లలో దాదాపు 13. ఇప్పుడు తింటున్నది 20 కదా. ఈ బుల్లెట్లని ఆ తక్కువ వేగానికి విచ్చుకునేలా మెత్తగా చేస్తారు, అందుకే 200 గజాల లోపు జింకకి బాగా పనిచేస్తాయి. 250కి వీటితో పోవద్దు.

రెండోది, బరువు. తన్ను శక్తి బరువుకి విలోమంగా తగ్గుతుంది. బట్ ప్లేట్ విప్పితే చాలా సింథటిక్ స్టాకుల్లో ఖాళీ గుల్ల ఉంటుంది. అందులో సీసం గుళ్ళు పోసిన సంచీ కదలకుండా బిగిస్తే 12–16 ఔన్సులు తేలిగ్గా పెరుగుతాయి. కదిలితే మాత్రం కాల్చిన ప్రతిసారీ లోపల కొట్టుకుంటుంది, నురగ ముక్కలు కూరి బిగించండి. బరువంతా వెనకే పెడితే మూతి పైకి లేస్తుంది, ముందు చేయి పట్టుకునే చోట కూడా గుల్ల ఉంటే అందులో కొంత వేయండి. ఒక పౌండు పెరిగితే రెడ్యూస్డ్ తూటాతో 11కి దిగుతారు. .243కి ఒక్క మెట్టే ఎక్కువ, ఖర్చు ఒక ప్యాడూ కొంచెం సీసమూ.

మూడోది, కొలత. ట్రిగ్గర్ ముందు ముఖం నుంచి బట్ మధ్య వరకు ఉన్న పొడవు ఎక్కువ రైఫిళ్ళలో 13.5 అంగుళాల దగ్గర ఉంటుంది. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి అది పొడవు. చేయి చాచి, తల ముందుకు సాగదీసి, బట్‌ని భుజపు గుంటలో కాకుండా చేతి కండ మీద ఆనిస్తారు. అక్కడ 10 ఫుట్-పౌండ్లు కూడా కమిలిస్తాయి. మోచేయి 90 డిగ్రీలు వంచి, బట్‌ని మోచేతి మడతలో ఆనించి చూడండి. చూపుడువేలి మొదటి కణుపు హాయిగా ట్రిగ్గర్ మీదికి రావాలి. రాకపోతే 12.5–13 మధ్యకి తగ్గించాలి. ఇద్దరు వాడేదైతే పలకలు తీసి పెట్టుకునే స్పేసర్ల స్టాక్ సరైన దారి. చలికోటు వేసుకుంటే అరంగుళం పొడవు పెరిగినట్టే, కోటుతోనే కొలవండి. స్టాక్ పొడవు మారితే కంటికీ స్కోపుకీ దూరం మారుతుంది. మూడున్నర, నాలుగు అంగుళాలు ఉండేలా రింగుల్లో స్కోపుని జరిపి మళ్ళీ బిగించండి. ఇది మరిచిపోతే కనుబొమ మీద స్కోపు అంచు ముద్ర పడుతుంది, ఆ తర్వాత జంకు పోగొట్టడం భుజం నొప్పి పోగొట్టడం కన్నా కష్టం.

గట్టి ప్లాస్టిక్ బట్ ప్లేట్ ఉంటే తీసేసి అంగుళం మందం మెత్తటి రబ్బరు ప్యాడ్ వేయండి. అది శక్తిని తగ్గించదు, కొద్దిగా ఎక్కువసేపు పరుస్తుంది. భుజానికి తెలిసేది ఆ తేడానే.

సొంతంగా తూటా నింపుకునేవాళ్ళకి ఒక మాట. హెచ్4895 మందుకి దాని తయారీదారే ఇచ్చిన పద్ధతి ఉంది: పుస్తకంలో ఆ బుల్లెట్‌కి ఇచ్చిన గరిష్ఠ మోతాదుని తగ్గించుకుంటూ అందులో 60 శాతం వరకు రావచ్చు, అంతకు దిగకూడదు. ఇది ఆ మందుకే. నెమ్మదిగా కాలే బాల్ పౌడర్లని ఇలా తగ్గిస్తే సరిగ్గా అంటుకోకపోవడం, ఒక్కసారిగా ఒత్తిడి పెరిగిపోవడం జరగొచ్చు. అది రైఫిల్‌ని పగలగొట్టే పని.

గురితప్పదు (జవాబు)

పై మూడూ బాగున్నాయి. కానీ మూడింట్లోనూ చెవి మాట లేదు. ఉలికిపాటుకి భుజం ఎంత కారణమో శబ్దం అంతకన్నా ఎక్కువ కారణం. రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దగ్గర. 140 దాటితే ఒక్క మోతే వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. సాధనలో చెవిలో ప్లగ్, పైన ఇయర్‌మఫ్, రెండూ ఉండాలి. రెండూ వేసుకుని కాలిస్తే అదే రైఫిల్ సగం మెత్తబడినట్టు అనిపిస్తుంది. వేటలో చిన్న శబ్దాల్ని పెంచి, మోతని ఆపేసే ఎలక్ట్రానిక్ మఫ్ వాడండి.

బ్రేక్ సంగతి ఇక్కడే తేలిపోతుంది. మూతి బ్రేక్ వాయువుని పక్కకీ వెనక్కీ మళ్ళిస్తుంది కాబట్టి తన్ను బాగా తగ్గుతుంది, మూడో వంతుకి పైగా తగ్గించేవి ఉన్నాయి. ఆ వాయువుతో పాటు మోత కూడా మీ వైపే వస్తుంది. పక్కన కూర్చున్న మనిషికి మరీ నరకం. కొత్తవాళ్ళకి భుజం దెబ్బ తీసేసి చెవి దెబ్బ పెంచితే ఉలికిపాటు ఎక్కడికీ పోదు. సప్రెసర్ (మూతికి బిగించే, మోత తగ్గించే గొట్టం) రెండింటినీ తగ్గిస్తుంది, దాని బరువు కూడా కలిసొస్తుంది. కాకపోతే అనుమతి నిబంధనలు అన్ని రాష్ట్రాల్లో ఒకటి కావు.

ఇక సాధన. మీరు రాసిన "ఆరోది, ఏడోది" అన్న మాట చూడండి. మూడు మంచివి పడ్డాక మీరు జంకుని సాధన చేస్తున్నారు, గురిని కాదు. పెద్ద రైఫిల్‌తో ఒక రోజుకి 10–15 రౌండ్లు చాలు. మిగతాదంతా .22తో. రెండింటికీ ట్రిగ్గర్ బరువు దగ్గరగా ఉంటే ఇంకా మంచిది.

ఉలికిపాటు పట్టుకోవడానికి డమ్మీ పద్ధతి: పక్క మనిషి మీకు కనబడకుండా మ్యాగజీన్‌లో అసలు తూటాలూ స్నాప్ క్యాపులూ (మందు లేని నకిలీ తూటాలు) కలిపి పెట్టాలి. స్నాప్ క్యాప్ మీద ట్రిగ్గర్ పడినప్పుడు మూతి కిందికి దిగిందా, కన్ను మూసుకుందా అన్నది అందరికీ కనబడుతుంది. క్లిక్ మన్నప్పుడు క్రాస్‌హెయిర్ కదలకుండా ఉండడం వరుసగా ఐదుసార్లు వచ్చేదాకా అసలు తూటాల సంఖ్య పెంచకండి.

బల్ల మీద కూర్చుని ముందుకు వాలి కాల్చడం అన్నిటికన్నా గట్టిగా తగిలే భంగిమ. ఒళ్ళు వెనక్కి ఊగడానికి చోటుండదు. బల్లని స్కోపు సరిచేయడానికి మాత్రమే వాడి, మిగతావి నిలబడి కర్రల ఆసరాతో, లేదా కూర్చుని మోకాళ్ళ మీద ఆనించి కాల్చండి. సీసం సంచులు వేసి రైఫిల్‌ని కదలకుండా బిగించే రెస్టులు భుజాన్ని కాపాడతాయి గానీ, ఆ దెబ్బంతా స్టాక్ మీదా స్కోపు రింగుల మీదా పడుతుంది. చెక్క స్టాకులు మెడ దగ్గర చీలేది అందుకే.

తెల్లతోక గారి 7ఎంఎం-08 సలహాతో ఒక్క చోట విభేదిస్తాను. ఇద్దరిలో ఒకరు .22 దాటనివారు. వారికి మొదటి సీజన్‌లో 15 కన్నా 10 మంచిది. .243 రంధ్రం చిన్నదే, కానీ సరైన చోట పడ్డ చిన్న రంధ్రం పేగుల్లో పడ్డ పెద్ద రంధ్రం కన్నా వెయ్యి రెట్లు నయం.

తెల్లతోక (జవాబు)

ఒప్పుకుంటాను, షరతుతో: ఎప్పుడు కాల్చకూడదో కూడా నేర్పాలి. పక్కకి తిరిగి నిలబడ్డ జింకకి ముందు కాలు వెనక అంచు వెంట పైకి రండి, ఛాతీ ఎత్తులో కింద నుంచి మూడో వంతు దగ్గర ఆగండి. గుండె, ఊపిరితిత్తులు కలిపి 8 అంగుళాల పళ్ళెం అంత చోటు. అటు తిరిగి ఏటవాలుగా ఉంటే, ఇటు పక్క ఎక్కడ తగులుతుందని కాదు, అటు పక్క ముందు కాలు దగ్గర బయటికొచ్చేలా గీత ఊహించుకోండి. ఎదురుగా చూస్తున్న జింక, నడుస్తున్న జింక, తల, మెడ: ఇవన్నీ కొత్తవాళ్ళకి నిషేధం.

కొట్టిన తర్వాత కూడా తొందర వద్దు. లేత ఎరుపులో నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్ళండి. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగైదు గంటలు. ఆకుపచ్చ మరకో పేగు వాసనో ఉంటే ఎనిమిది గంటలకు తగ్గకుండా. ముందే తరిమితే పడుకున్న జింక లేచి మైళ్ళు పోతుంది.

అడవిబాట (జవాబు)

నిబంధనలు చూసుకోకుండా ఏదీ కొనకండి. కొలరాడోలో జింక వేటకి రైఫిల్ కనీసం .24 క్యాలిబర్ ఉండాలి, బుల్లెట్ కనీసం 70 గ్రెయిన్లు, విచ్చుకునే రకం, 100 గజాల్లో 1,000 ఫుట్-పౌండ్లు. అంటే .223 అక్కడ కుదరదు, .243 సరిగ్గా గడప మీద ఉంది. ఒహాయోలో జింకకి మెడ నొక్కని నిటారు ఖోళీ తూటాలే అనుమతి, అందుకే 2019లో వచ్చిన .350 లెజెండ్‌కి అంత గిరాకీ. మెడ తూటాలు అనుమతించే చోట దాన్ని కొనాల్సిన అవసరం తక్కువ. తన్ను హాయిగా ఉంటుంది, కానీ 200 గజాలు దాటకముందే బుల్లెట్ బాగా దిగిపోతుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం లేని బుల్లెట్లే వాడాలి.

.30-30 కొనేటట్లయితే రెండు మాటలు. గొట్టం మ్యాగజీన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ముందుదాని ప్రైమర్ (దెబ్బ తగిలితే మందుని అంటించే వెనక బిళ్ళ) మీద వెనకదాని మొన ఆనుతుంది. గట్టి మొన బుల్లెట్లు అందులో పెట్టకూడదు. చదునైనవి గానీ, మెత్తటి రబ్బరులాంటి మొన ఉన్నవి గానీ మాత్రమే. రెండోది, లెక్కలో 11 అని రాసినా సన్నటి గట్టి బట్ ఉన్న తేలిక లీవర్ రైఫిల్ అంతకన్నా కరుకుగా తగులుతుంది. 100 గజాలకి సరిచేస్తే 200లో 7–8 అంగుళాలు కిందికి పోతుంది. మీ చేను మూలకి అది చాలదు.

కొత్తగురి (ప్రశ్న కొనసాగింపు)

అందరికీ ధన్యవాదాలు. .308ని ఉంచేసుకుని ప్యాడ్, బరువు, స్పేసర్లు, రెడ్యూస్డ్ తూటాలతో ఈ సీజన్ నడపాలనుకుంటున్నాం. కొత్తవారి కోసం ఒక .243 తర్వాత చూస్తాం. రెండు సందేహాలు. రెడ్యూస్డ్ తూటాలకి మారితే స్కోపు మళ్ళీ సరిచేయాలా? .243 కొంటే బ్యారెల్‌లో ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే గాళ్ళ మెలిక) ఎంత ఉండాలి?

లోడింగ్‌బల్ల (జవాబు)

తప్పకుండా సరిచేయాలి. బుల్లెట్, వేగం రెండూ మారాయి. ఎత్తే కాదు, పక్కకి కూడా జరగొచ్చు. సీసం పోసి, ప్యాడ్ మార్చి, స్కోపు జరిపాక మొదట 25 గజాల్లో ఒక్క రౌండు. సాధారణ స్కోపులో ఒక్క క్లిక్ 100 గజాల్లో పావు అంగుళం, 25లో అందులో నాలుగో వంతు. అంటే 25 గజాల్లో అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు. మధ్యలో, లేదా పావు అంగుళం కింద పడితే చాలు. తర్వాత 100 గజాలకి వెళ్ళి మూడేసి రౌండ్లు, మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి. మూడింటి నడిమి బిందువు చూసి తిప్పండి, ఒక్కో రంధ్రం వెంట పడకండి. ఒకటిన్నర అంగుళం పైన పెట్టి, 200 గజాల్లో కాల్చి ఎక్కడ పడుతుందో కళ్ళతో చూసుకోండి. పెట్టె మీది పట్టిక నమ్మి జింక మీద ప్రయోగం చేయొద్దు.

.243కి 10 అంగుళాలకి ఒక చుట్టు మామూలు. 100 గ్రెయిన్ల సీసం బుల్లెట్లకీ, 80–85 రాగి వాటికీ అది చాలు. 105 గ్రెయిన్లు దాటిన పొడవాటి పోటీ బుల్లెట్లకి 8 కావాలి, జింకకి అవి అక్కర్లేదు. 100 గ్రెయిన్లది 100 గజాల్లో ఒకటిన్నర అంగుళం పైకి పెడితే 200 దగ్గర నడిమికొస్తుంది, 250లో 3 అంగుళాలు దిగుతుంది. ఛాతీ మధ్యకి గురిపెడితే పైకీ కిందికీ దిద్దుబాటు లేకుండా మీ చేను మొత్తం వస్తుంది.

గురితప్పదు (జవాబు)

.243 కొన్నాక ఇంట్లో .308, .243 రెండూ ఉంటాయి కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నా. రెండూ ఒకే ఖోళీ నుంచి పుట్టినవి, పొడవు దగ్గర దగ్గర. .308 రైఫిల్‌లో .243 పొరపాటున దూరిపోతుంది, కాలుతుంది కూడా. బుల్లెట్ వదులుగా ఊగుతూ పోతుంది, ఖోళీ మెడ చీలి వాయువు వెనక్కి రావొచ్చు. 7ఎంఎం-08దీ అదే బంధుత్వం; 6.5 క్రీడ్‌మోర్ వేరే ఖోళీ నుంచి వచ్చినా జాగ్రత్త మాత్రం అదే. వీటికన్నా ఘోరం .223 రైఫిల్‌లో .300 బ్లాకౌట్ పడడం. అక్కడ బుల్లెట్ బ్యారెల్ కన్నా లావు, రైఫిల్ పేలిపోతుంది. బల్ల మీద ఒకసారికి ఒకే రకం పెట్టె ఉండాలి. జేబులో మిగిలిన తూటాల్ని ఇంటికి రాగానే వాటి పెట్టెలోనే తిరిగి పెట్టాలి, ఖోళీ వెనక ముద్ర చదివి.